కేసు పనికి ఒక నమూనా: ఆ బాణం ఎవరు గీశారు?

(నందిగామలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం)



మన కేసుల పనిని కంప్యూటర్లో ఒక క్రమంలో అమర్చుకోవటం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను కంప్యూటర్ మనిషిని కాను. సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో కుటుంబ హింస కేసుల్లో పనిచేసే ఒక చిన్న బృందంతో కొన్నేళ్ళుగా కలిసి తిరుగుతున్నాను. వాళ్ళు తమ పని క్రమాన్ని మొదటిసారి రాసుకున్నప్పుడు పక్కన కూర్చున్నదాన్ని. అప్పుడు జరిగిన తప్పుల్లో నాకూ వాటా ఉంది. ఇవాళ ఎక్కువగా వాటి గురించే చెప్తాను. సాఫ్ట్‌వేర్ నొక్కటం ఎలాగో మీ ఆఫీసుల్లో ఉన్న ఆడపిల్లలు నాకంటే బాగా చూపించగలరు.

అసలు ఈ అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా బృందంలో ఒక పెద్దక్క ఉంది. ఏడో తరగతితో చదువు ఆపించారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉంది. ఏ ఊరి అమ్మాయి కేసు ఏ కోర్టులో ఏ తారీఖుకి వాయిదా పడిందో, ఏ స్టేషన్లో ఏ రైటర్ మన మాట వింటాడో, ఎవరికి ఆస్పత్రి కాగితం ఇంకా రాలేదో అన్నీ ఆమెకి నోటికి వచ్చు. మాకు రిజిస్టర్లు ఉండేవిగానీ, వాటిని చూసేకంటే అక్కని అడగటం తేలిక. ఒక వర్షాకాలం ఆమెకి చికున్‌గున్యా వచ్చి మూడు వారాలు మంచం పట్టింది. ఆ మూడు వారాల్లో రెండు వాయిదాలు తప్పిపోయాయి. ఒకామెని ఆస్పత్రికి తీసుకెళ్తామని చెప్పి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు.

మెట్ట ప్రాంతం వాళ్ళకి ఇది వింత కాదు. మిరపకోతలకి ముఠా నడిపే ఆమెని చూడండి. ఎవరి చేలో ఎన్ని మూటలు కోశారు, ఎవరు ఎన్ని రోజులు వచ్చారు, ఏ రైతు ఎంత బాకీ అనే లెక్కంతా ఆమె తలలో ఉంటుంది. ఆమెకి జబ్బు చేస్తే ముఠా ఆగుతుంది, కూలీ బాకీలు మునిగిపోతాయి. ఆ జ్ఞానాన్ని మనం గౌరవిస్తాం, పొగుడుతాం. కానీ ఒక మనిషి తలలో అంత బరువు పెట్టి, ఆ మనిషికి జబ్బు చేసే హక్కు కూడా లేకుండా చెయ్యటం గౌరవమేనా అని మాలో మేం అడుగుకోవాల్సి వచ్చింది.

అప్పుడు ఒక అమ్మాయి ట్రెల్లో తెచ్చింది. తర్వాత ఆసనా వాడాం. ఏది వాడినా సూత్రం ఒకటే. ఒక గోడ మీద కాగితాలు అంటించుకున్నట్టు, చెయ్యాల్సిన పనులన్నీ వరసల్లో కనిపిస్తాయి. ప్రతి కేసుకీ ఈ వరస మొత్తం కొత్తగా రాయక్కర్లేకుండా ఒకసారి రాసిపెట్టుకుని, కొత్త కేసు వచ్చినప్పుడల్లా దాని నకలు తీసుకోవచ్చు. దాన్నే టెంప్లేట్ అంటారు. నేను నమూనా అంటాను. అందులో నాలుగు రకాల సంగతులు ఉంటాయి. పని ఏమిటి. అది ఎవరి బాధ్యత. ఎన్ని రోజుల్లో కావాలి. ఏ పని అయ్యాక ఏ పని మొదలవ్వాలి. నాలుగోదాన్ని తెర మీద బాణం గుర్తుతోనో, తాళం గుర్తుతోనో చూపిస్తారు. నా ప్రసంగంలో సగం ఆ బాణం గురించే.

మా మొదటి తప్పు చాలా మామూలుది. నమూనా అని ప్రత్యేకంగా చెయ్యలేదు. బాగా నడిచిన ఒక పాత కేసుని తీసుకుని, దానికి నకలు తీసి, పేర్లు తుడిచి కొత్తవి రాసుకున్నాం. టైపు చేసేవాళ్ళు పిటిషన్లు తయారుచేసేది ఇలాగే కదా. ఒకసారి మా కొత్త కేసు వివరాల్లో కిందెక్కడో పాత కేసు ఆమె ఊరు పేరూ, ఆమె భర్త చేసే ఉద్యోగమూ అలాగే మిగిలిపోయాయి. ఆ కాగితం అచ్చు తీసి కొత్తగా వచ్చినామె చేతికి ఇచ్చాం. ఆమె చదువుకున్నది. చదివి, "ఈమె మా పిన్నత్త కూతురి తోడికోడలు కదండీ" అంది. మేం ఎవరికీ చెప్పం అని మాట ఇచ్చిన మనిషి సంగతి మా చేత్తోనే ఆమె బంధువులకి చేరేసింది. చిన్న ప్రాంతం. నందిగామలో అంటే జగ్గయ్యపేటలో తెలుస్తుంది. అందుకని మొదటి నియమం: నమూనా ఏ నిజం కేసు నుంచీ పుట్టకూడదు. ఖాళీగా, మనుషులు లేకుండా, విడిగా ఉండాలి. నకలు తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ సభ్యుల్ని, జత చేసిన కాగితాల్ని, వ్యాఖ్యల్ని కూడా తీసుకురావాలా అని అడుగుతుంది. వద్దు అనాలి. కేసు పేరు దగ్గర మనిషి పేరు రాయకుండా ఒక అంకె రాయాలి. ఆ అంకె ఎవరిదో చెప్పే పుస్తకం బీరువాలో, తాళంలో ఉండాలి.

బాధ్యత దగ్గర కూడా మనిషి పేరు రాయొద్దు. "వినే మనిషి", "తోడు వెళ్ళే మనిషి", "వకీలుతో మాట్లాడే మనిషి" అని పాత్ర రాయండి. నకలు తీశాక అప్పుడు ఎవరున్నారో చూసి పేరు పెట్టండి. లేకపోతే ఉద్యోగం మానేసి పెళ్ళయి వెళ్ళిపోయిన పిల్ల పేరు మీదే కొత్త కేసులన్నీ పడుతూ ఉంటాయి.

ఇక రోజుల సంగతి. తారీఖు రాయకూడదు. ఆమె మన దగ్గరికి వచ్చిన రోజుని సున్నా అనుకుని, అక్కడి నుంచి ఎన్నో రోజు అని లెక్కపెట్టాలి. చట్టం కూడా అలాగే మాట్లాడుతుంది. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. 12వ సెక్షన్ కింద దరఖాస్తు కోర్టుకి అందాక మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లోపల పెట్టాలి. మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో ముగించటానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. 13వ సెక్షన్ ప్రకారం నోటీసు రక్షణాధికారి చేతికి వచ్చిన 2 రోజుల్లో, లేదా మేజిస్ట్రేటు అనుమతించిన గడువులో అవతలివాళ్ళకి అందించాలి. ఈ గడువులు జరుగుతాయని నేను అనటం లేదు. ఎంత జరుగుతుందో మీకే తెలుసు. కానీ గడువు దాటిన రోజున మన తెర మీద ఎర్రగా కనిపిస్తే, వకీలు దగ్గరికి వెళ్ళి "అరవై రోజులు దాటిందండీ" అని అడగగలుగుతాం. ముందు ఆ మాట అనటానికి మా దగ్గర లెక్కే ఉండేది కాదు.

ఇప్పుడు బాణం దగ్గరికి వస్తాను.

గృహహింస సంఘటన నివేదిక ఉంటుంది. డి.ఐ.ఆర్. అంటాం. రక్షణాధికారి గానీ, నమోదైన సేవా సంస్థ గానీ ఒకటో ఫారంలో రాసి మేజిస్ట్రేటుకి పంపేది. మా నమూనాలో "డి.ఐ.ఆర్. రావాలి" అనే పని నుంచి "పిటిషన్ వెయ్యాలి" అనే పనికి బాణం గీశాం. అంటే మొదటిది అయ్యేదాకా రెండోదానికి తాళం. చాలా సహజంగా గీశాం. అప్పటిదాకా మేం చూసిన కేసుల్లో అలాగే జరిగింది కాబట్టి అదే చట్టం అనుకున్నాం.

జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. కొట్టి పంపించేస్తే పుట్టింట్లో ఉంటోంది. అత్తింట్లో ఆమె కొనుక్కున్న గేదె ఉంది. సంఘంలో అప్పు తీసుకుని కొని, ఆ పాల డబ్బులతోనే వాయిదాలు కట్టుకుంటోంది. ఇంకా కొన్ని సామాన్లు, కల్లంలో ఎండబోసిన మిర్చిలో ఆమె కూలీ వాటా. డి.ఐ.ఆర్. కోసం ఒక ఆఫీసులో కాగితాలు ఇచ్చాం. రాలేదు. వారం వారం మా సమావేశంలో తెర చూశాం. పిటిషన్ పని బూడిద రంగులో, తాళం వేసుకుని ఉంది. "ఇంకా రాలేదు" అనుకుని తర్వాతి కేసుకి వెళ్ళాం. అలా అయిదు వారాలు. ఆరో వారం ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. గేదెని సంతకి తోలేశారు. మిర్చి అమ్ముడైపోయింది.

ఆ సాయంత్రం ఒక వకీలు స్నేహితురాలికి చెప్పుకుంటే ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆగమని మీకు ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. 12వ సెక్షన్ కింద బాధితురాలు తానే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చిన నివేదిక ఉంటే మేజిస్ట్రేటు దాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. 2022 మే నెలలో ప్రభా త్యాగీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది: డి.ఐ.ఆర్. లేనంత మాత్రాన మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వకూడదని ఏమీ లేదు. 23వ సెక్షన్ కింద మూడో ఫారంలో ప్రమాణపత్రం పెట్టి, అవతలివాళ్ళని వినకుండానే మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఆమె వస్తువుల్ని, స్త్రీధనాన్ని అమ్మెయ్యకుండా ఆపే ఉత్తర్వు 18వ సెక్షన్‌లో ఉంది. అవన్నీ మొదటి వారంలో అడగగలిగినవి. ఆమెని ఆపింది ఆ ఆఫీసు ఒక్కటే కాదు. మా బాణం కూడా.

ఇక్కడ ఒక పేరు చెప్పాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో దులూత్ అనే ఊళ్ళో 1981లో ఎలెన్ పెన్స్, ఆమె సహచరులు భార్యల్ని కొట్టే మగవాళ్ళ కేసుల్లో పోలీసులు, కోర్టు, జైలు, ఆశ్రయ కేంద్రం కలిసి ఒకే పద్ధతిలో పనిచేసే ఏర్పాటు మొదలుపెట్టారు. తర్వాత ఆమె టొరంటోలో డొరతీ స్మిత్ అనే స్త్రీవాద సమాజశాస్త్రవేత్త దగ్గర పరిశోధన చేసి 1996లో సిద్ధాంతగ్రంథం సమర్పించింది. స్మిత్ చెప్పింది నాకు తోచిన మాటల్లో చెప్తాను. ఆఫీసుల్లో ఫారాలు, రిజిస్టర్లు, నివేదికలు జరిగినదాన్ని రాసుకోవటానికి మాత్రమే ఉన్నవి కావు. అవి మనుషుల చేత పని చేయిస్తాయి. ఆమె ఒంటి మీద దెబ్బ ఫారంలో ఒక గడి అయ్యేసరికి, ఆ గడిలో పట్టనిదంతా జరగనట్టే. పెన్స్ ఈ చూపుతో పోలీసు ఫోన్ అందుకున్న దగ్గర నుంచి కోర్టు తీర్పు దాకా కేసు చేతులు మారే ప్రతి చోటా ఆగి, ఈ కాగితం ఆమె భద్రతని లెక్కలోకి తీసుకుంటోందా అని అడిగే పద్ధతి తయారుచేసింది. మనం ప్రభుత్వ ఫారాల్ని ఈ చూపుతో విమర్శించటం ఎప్పటి నుంచో చేస్తున్నాం. మన సొంత తెర మీద గీతని అలా చూడాలని మాకు తట్టలేదు. మనం గీసింది కదా, మనవైపే ఉంటుందనుకున్నాం.

ఇప్పుడు మా దగ్గర నియమం ఇది. ఒక బాణం గీస్తే దాని పక్కనే కారణం రాయాలి. చట్టం అడుగుతోందా, అయితే ఏ సెక్షన్. ఆమె అడుగుతోందా. లేక మనకి అలవాటా. అలవాటైతే బాణం తీసెయ్యాలి. ఈ లెక్కన మా నమూనాలో బాణాలు పదిహేను పైచిలుకు నుంచి నాలుగుకి వచ్చాయి. ఆ నాలుగులో ఒకటి: "ఆమె ఒప్పుకుంది" అన్నదానికి ముందు ఎవరికీ ఏ కాగితమూ వెళ్ళకూడదు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి సరిహద్దు. మన పిల్లల్ని కోదాడ వైపు, మధిర వైపు, ఖమ్మం వైపు ఇస్తాం, అక్కడి పిల్లల్ని తెచ్చుకుంటాం. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. 2020 మార్చిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర జనం ఎలా నిలబడిపోయారో మీరంతా చూశారు. అంతకుముందూ తర్వాతా కూడా స్టేషన్‌కి వెళ్ళిన ఆడమనిషికి వినిపించే మాట "జరిగింది అక్కడ, అక్కడికే వెళ్ళమ్మా" అని. అందుకని సున్నా రోజు పనుల్లోనే "ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఎక్కడ ఉంది" అనే ప్రశ్న పెట్టి, దాని కింద జవాబులు కూడా రాసిపెట్టాం. గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కోర్టులోనైనా వెయ్యొచ్చు. క్రూరత్వం కేసులో, భార్య ఆశ్రయం తీసుకున్న చోట కోర్టుకి కూడా, ఆ కేసు పరిస్థితుల్ని బట్టి, అధికారం ఉంటుందని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత 498-ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగిందన్నదానితో సంబంధం లేకుండా సమాచారం ఇవ్వొచ్చంటుంది. మనం జీరో ఎఫ్.ఐ.ఆర్. అనేది ఇదే. ఈ నాలుగు వాక్యాలు అచ్చు తీసి తోడు వెళ్ళే మనిషి సంచిలో పెట్టాం. స్టేషన్లో నోటితో చెప్తే "నువ్వు వకీలువా" అంటారు. కాగితం చూపిస్తే కనీసం చదువుతారు.

ఫోన్ గురించి. మా నమూనాలో "మూడో రోజు ఫోన్ చేసి యోగక్షేమం కనుక్కోవాలి" అని ఉండేది. మంచి పనే కదా. ఒక అమ్మాయి తెర చెప్పినట్టు మూడో రోజు ఫోన్ చేసింది. భర్త ఎత్తాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో తర్వాత ఆమె వచ్చి చెప్పింది. "నాకు ఫోన్ చెయ్యొద్దని పెద్దక్కకి చెప్పాను కదమ్మా" అంది. నిజంగానే చెప్పింది. అది పెద్దక్కకి గుర్తుంది, తెరకి తెలియదు. ఇప్పుడు ఏ నంబరుకి, ఏ వేళ, ఎవరి పేరు చెప్పుకుని ఫోన్ చెయ్యాలి, అసలు చెయ్యొచ్చా అనేది మొట్టమొదటి గడి. అది నిండితేగానీ ఫోన్ పని తాళం తీయదు. మా నాలుగు బాణాల్లో ఇది రెండోది. మన కార్యకర్తల ఫోన్లు కూడా ఇంట్లో కొడుకులూ మరుదులూ వాడేవే. కేసు సమాచారం తెర మీద పైకి తేలే గంటలన్నీ ఆపెయ్యండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ఇదంతా ఎవరు నింపుతారు? పెద్దక్క నింపలేదు. ఆమె చెప్తుంటే డిగ్రీ చదివిన ఇరవై రెండేళ్ళ పిల్ల టైపు చేస్తుంది. కొన్నాళ్ళకి సమావేశంలో ఆ పిల్లే మాట్లాడటం మొదలైంది, ఎందుకంటే తెర ఆమె చేతిలో ఉంది. పెద్దక్క పక్కన కూర్చుంది. అది నేను చూసి, ఇబ్బంది పడి కూడా కొన్నాళ్ళు ఏమీ అనలేదు. ఫాక్టరీలో పనివాడి నైపుణ్యాన్ని కాగితం మీదికి లాగేసి, ఆ కాగితాన్ని మేనేజరు చేతిలో పెట్టటం గురించి క్లాసుల్లో పాఠాలు చెప్పినదాన్ని. అంగన్‌వాడీ కార్యకర్తల్ని చూడండి. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. పిల్లల్ని చూసుకునే పని తగ్గలేదు, ఫోన్లో నింపే పని దాని మీద పడింది. 2023 డిసెంబరులో వాళ్ళు మన రాష్ట్రంలో సమ్మెకి దిగి నలభై రోజులకు పైగా రోడ్డు మీద కూర్చున్నారు. ఎస్మా ప్రయోగించినా కదల్లేదు. జీతాలే ప్రధానం, నిజమే. కానీ వాళ్ళతో ఎవరు మాట్లాడినా ఈ యాప్‌ల గోల వింటారు.

మేం రెండు మార్పులు చేశాం. వారం సమావేశంలో తెర చివర్లో తెరుస్తాం. ముందు పెద్దక్క, మిగతా క్షేత్ర కార్యకర్తలు నోటితో కేసులు చెప్తారు. తర్వాత తెరలో ఏం తేడా ఉందో చూస్తాం. తేడా వస్తే సాధారణంగా తెరదే తప్పు. రెండోది, అంతవరకూ పని అని ఎవరూ రాయనివాటిని పని అని రాశాం. స్టేషన్ బయట బల్ల మీద నాలుగు గంటలు కూర్చోవటం. ఆమె పిల్లాడికి బిస్కెట్ కొనిపెట్టి ఆడించటం. వాళ్ళ అమ్మని ఒప్పించటం. "తోడు" అని ఒక వరస పెట్టి, గంటలు వేశాం. ఆర్లీన్ డేనియల్స్ 1987లో కనిపించని పని గురించి రాసినప్పటి నుంచీ మనం ఈ మాట వాడుతూనే ఉన్నాం. మూడు నెలల తర్వాత లెక్క తీస్తే, మా మొత్తం సమయంలో సగానికి పైగా తోడుదే. నిధులిచ్చే వాళ్ళ నివేదికలో దానికి గడే లేదు. గంటలు చూశాక పెద్దక్క నవ్వి, "ఇంత పని చేశానా, అందుకే మోకాళ్ళు ఇలా ఉన్నాయి" అంది. ఆ ఏడాది ఆమె జీతం పెంచమని అడగటానికి మాకు ఒక కాగితం దొరికింది.

చివరి వరస పేరు మీద మాలో పెద్ద గొడవ జరిగింది. ట్రెల్లో మామూలుగా చూపించేది "అయిపోయింది" అని. మేం తెలుగులో "పరిష్కారం" అని పెట్టాం. రాజీ అయి తిరిగి వెళ్ళినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు, ఫోన్ ఎత్తటం మానేసినవాళ్ళు అందరూ అందులోకే. సంవత్సరం చివర అంకె చాలా అందంగా వచ్చింది. ఒకామె మూడుసార్లు "పరిష్కారం" అయింది, అంటే మూడుసార్లు కొట్టించుకుని వచ్చింది. ఇప్పుడు ఆ వరస లేదు. "ఆమె ఏం చెప్పింది" అని ఉంది. దాని కింద ఆమె మాట ఆమె భాషలో. కేసు ఆపుతానంటే అదే రాస్తాం. ఏమీ చెప్పకుండా రాకపోతే "తెలియదు" అని రాసి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూడమని గుర్తు పెడతాం. ఇలా చేశాక మా అంకెలు పాడైపోయాయి. నిధులిచ్చేవాళ్ళకి వివరించటానికి ఒక ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఇంకో సాంకేతికమైన సంగతి, మరిచిపోయేలా ఉన్నాను. నమూనాని మారిస్తే అంతకుముందు తీసిన నకళ్ళు వాటంతట అవి మారతాయని నమ్మొద్దు. డి.ఐ.ఆర్. బాణం తీసేశాక మేం హాయిగా ఉన్నాం. నెల తర్వాత చూస్తే, అప్పటికే నడుస్తున్న ఏడు కేసుల్లో ఆ బాణం అలాగే ఉంది. ఒక్కోటీ తెరిచి చేత్తో తీశాం. అందుకని నమూనా పేరులో తేదీ పెట్టండి. మార్చిన ప్రతిసారీ నడుస్తున్న కేసుల జాబితా ముందు పెట్టుకుని కూర్చోండి.

రోజుల లెక్కలో ఒకటి ఇంకా తేలలేదు. ఫిబ్రవరి, మార్చిల్లో మిరపకోతలు, అంతకుముందు పత్తి తీతలు. ఆ రోజుల్లో ఒక్క వాయిదాకి వచ్చిందంటే ఆమెకి ఒక రోజు కూలీ పోయినట్టే. తెర మాత్రం "ఆలస్యం" అని ఎర్రగా చూపిస్తూ ఉంటుంది. కోతల నెలలకి వేరే నమూనా పెడదామని ఒకరన్నారు. కోతల్లోనే ఇళ్ళల్లో డబ్బు గొడవలూ, తాగుడూ, కొట్టటమూ ఎక్కువ, అప్పుడే మనం నెమ్మదిస్తే ఎలా అని పెద్దక్క అంది. ఆ రెండు నెలలూ వాయిదా రోజు కూలీ ఇవ్వటానికి చిన్న నిధి పెట్టాలన్నది ఆమె ప్రతిపాదన. ఎంత కావాలో లెక్క వేస్తున్నాం. మీ సంఘాల్లో ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే టీ అయ్యాక నాతో మాట్లాడండి, పెద్దక్క కూడా వెనక వరసలోనే కూర్చుంది.